కంట్లో తెల్ల చుక్క

కనేరి, భివండి
జూలై 1998

తమ్ముడు భూషణ్‌కు,

ఈ ఉత్తరం ఢిల్లీ చేరేసరికి నువ్వు ఢిల్లీలో ఉండవని తెలుసు. అయినా మీ ఫోటో ఏజెన్సీ అడ్రసుకే రాస్తున్నాను. ఏ దేశానికి పంపుకుంటారో వాళ్ల ఇష్టం. ఇక్కడ మరమగ్గాల సాంచాలు నడుస్తున్నాయి, కరెంటు పోతున్నది, మీ బావ అలుగుతున్నాడు. అంటే అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పేపర్లో పడ్డ, నువ్వు తీసిన ఫోటోను మీ బావ కత్తిరించి స్టూడియో గోడకు అంటించాడు. కాలిపోయిన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన ఫోటో. వచ్చిన గిరాకీకల్లా "మా బామ్మర్ది తీసిండు" అని చూపిస్తున్నాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు దాన్ని చూసి ఇంకా బిగుసుకుపోతున్నారు. పేరు నీది, తిప్పలు మావి.

పక్క గల్లీ లస్మయ్య పోయాడు. సాంచం ముందరే కూలబడ్డాడు. బతికుండగా ఒక్క ఫోటో దిగిన మనిషి కాదు. మీ బావ వెళ్లి శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి ఫోటో తీసుకొచ్చాడు. తర్వాతి పని నాది, నీకు తెలిసిందే. మూసిన కళ్లు తెరవడం. ప్రింటు మీద రెప్పలు చెరిపి, తెల్లగుడ్డు తీర్చి, నల్లపాప పెట్టి, అన్నిటికన్నా చివర పాప మీద తెల్ల చుక్క పెడతాను. చుక్క పెట్టేదాకా అది రంగే. చుక్క పడ్డాక చూపు వస్తుంది.

ఇన్నేళ్లుగా చేస్తున్నా ఈసారి కుదిరినట్టు ఎన్నడూ కుదరలేదు. లస్మయ్య భార్య ఫోటో చూడగానే కొంగు సర్దుకుంది. "ఉన్నప్పుడు గూడ గిట్ల సూడలేదక్కా. పొయ్యికాడ కూసున్నా నా దిక్కే సూస్తుండు" అన్నది. భయపడిందో సంతోషపడిందో నాకు తెలియలేదు. ఇప్పుడు కనేరిలో ఎవరు పోయినా "లస్మయ్యకు పెట్టినసొంటి కండ్లు" కావాలంటున్నారు. మీ బావ నన్ను కాస్త మర్యాదగా చూస్తున్నాడు.

తుపాకుల మధ్య తిరిగేటప్పుడు తల కాస్త వంచుకుని తిరుగు. తిండి మానకు.

నీ సుశీలక్క


వవునియా, శ్రీలంక
అక్టోబర్ 1998

సుశీలక్కకు,

నీ ఉత్తరం ఎన్ని ఊళ్లు తిరిగిందో, కవరు నాకన్నా నలిగిపోయి చేరింది. లస్మయ్య కబురు బాధ పెట్టింది. చిన్నప్పుడు నాకు బీడీ నేర్పబోయి బాపు చేత తిట్లు తిన్న మనిషి.

ఇక్కడ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను బడి గదుల్లో పెట్టారు. బెంచీలు గోడల్లా పేర్చుకుని ఎవరి ఇల్లు వాళ్లు చేసుకున్నారు. యుద్ధాన్ని తీయడానికి చాలామంది వస్తారక్కా. అది దాటిపోయాక మనుషులు గిన్నెలు ఎక్కడ పెట్టుకుంటారో, తలుపు లేని చోట బట్టలు ఎట్లా మార్చుకుంటారో తీయడానికి ఎవరూ ఉండరు. నా పని ఇప్పుడు అదే. ఒక్కో ఇంటి ముందు చాలాసేపు ఊరికే కూర్చుంటాను. నేను ఉన్నానన్న సంగతి వాళ్లు మరచిపోయాక కెమెరా ఎత్తుతాను.

మొన్న చెక్‌పోస్టు దగ్గర మా డ్రైవరు సైనికులతో దూరంగా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. లెన్సులోంచి వాళ్ల పెదాలు చూశాను. నా ఫిల్ము లాక్కోవాలని చూస్తున్నారు. వాళ్లు వచ్చేలోపల రోల్ తీసి సాక్సులో పెట్టుకున్నాను. ఈ విద్య మనకు ఎవరూ నేర్పలేదు కదా. సాంచాల చప్పుడులో బాపు అరుపు ఎన్నడైనా వినిపించిందా మనకు? పెదాలు చూసి పరుగెత్తేవాళ్లం.

ఒక వింత జరిగింది, నవ్వకు. బడి వరండాలో కెమెరాకు కన్ను పెట్టాను. ఎదురుగా ఉండాల్సిన పిల్లలు లేరు. ఒంటిగది ఖోలీ ఒకటి కనిపించింది. ఆకుపచ్చ గోడ, వంకరగా వేలాడుతున్న క్యాలెండరు, నావైపు వీపు పెట్టి ఉల్లిగడ్డలు కోస్తున్న ఒకామె. నేను ఎక్కడో ఎత్తు మీదినుంచి చూస్తున్నాను. కిటికీలోంచి ఎదుటి షెడ్డులో ఆడుతున్న సాంచం కూడా కనిపించింది గాని చప్పుడు లేదు. చప్పుడు లేని భివండిని ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. కెమెరా దించితే మళ్లీ పిల్లలు.

నిద్ర చాలడం లేదనుకుంటాను. బావను అడిగినట్టు చెప్పు.

భూషణ్


కనేరి, భివండి
నవంబర్ 1998

భూషణ్,

నిద్ర మానుకుని తిరిగితే గోడలేం ఖర్మ, గోపురాలు కూడా కనిపిస్తాయి. పెరుగన్నం తిను. తలకు నూనె పెట్టుకో.

నేను బాగానే ఉన్నాను. సాయంత్రాలు వరాలా తలావ్ గట్టు చుట్టూ నడిచి వస్తున్నాను. పని కూడా బాగానే ఉంది, కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఒక్కటి అడుగుతాను, ఎందుకని అడగకు. ఆ క్యాలెండరు ఏ పక్కకు ఒరిగి ఉంది?

సుశీలక్క


శ్రీనగర్
ఫిబ్రవరి 1999

అక్కా,

క్యాలెండరు ఎడమకు ఒరిగి ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే ఇప్పుడు తిన్నగా ఉంది. ఒక చేయి వచ్చి దాన్ని సరిచేసింది. మణికట్టు మీద కాలిన మచ్చ ఉన్న చేయి. పాలగిన్నె దించబోయి కాల్చుకున్న మచ్చ అది. ఆ రోజు వంటింట్లో నీ పక్కన ఉన్నది నేనే.

సరిచేశాక నువ్వు వెనక్కి తిరిగి నావైపు చూశావు. ఇంట్లోకి వచ్చిన దొంగను చూసినట్టు చూశావు. నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు? నేనెక్కడున్నాను?

ఇప్పుడు ఆ ఒక్క ఖోలీ కాదు. గడ్డం గీసుకుంటున్న ఒక మనిషి, నేల మీద బోర్లా పడుకుని మరాఠీ పాఠం రాసుకుంటున్న ఒక పాప, ఎవరో ముసలామె కాళ్లు. ఒకదాని మీద ఒకటి పడి వస్తున్నాయి. ఇక్కడ కొడుకు కనబడకుండా పోయిన ఒక తల్లిని తీస్తున్నాను. ఆమె ముఖం మీద నుంచి ఆ పాప లేచి వెళ్లిపోయింది.

దానికి తోడు ఈమధ్య కళ్ల ముందు సన్నని తెల్ల పొర కమ్ముతున్నది. రోజురోజుకూ మందమవుతున్నది. ఎడిటరు ఒక రోల్ మొత్తం వాపసు ఇచ్చాడు, ఒక్క ఫ్రేమూ స్పష్టంగా లేదట. డాక్టరేమో కళ్లలో ఏ దోషమూ లేదంటున్నాడు. అక్కా, ఈ చూపు పోతే నాకు చేతనయ్యే పని ఇంకొకటి లేదు. నాకు భయంగా ఉంది. నీకేమైనా తెలిస్తే దాచకు.

భూషణ్


కనేరి, భివండి
మార్చి 1999

తమ్మీ,

ఆ ఖోలీ లస్మయ్యది. ఉల్లిగడ్డలు కోసినామె ఆయన భార్య. నువ్వు చూసిన ఎత్తులో, నువ్వు చూసిన గోడకు ఎదురుగా ఉన్నది లస్మయ్య ఫోటో. నీ మొదటి ఉత్తరం చదివి, ఉండబట్టలేక వెళ్లి చూసి వచ్చాను. క్యాలెండరు సరిచేసింది నేనే. నీకు రాయకుండా చూద్దామనుకున్నాను. నువ్వే రాశావు.

ఆ ఫోటోలో కళ్లు నీవి.

నువ్వు ప్రెస్ కార్డు కోసం దిగిన ఫోటో ఉందే, అది నా బల్ల మీద ఉండేది. లస్మయ్య కళ్లకు దాన్ని ముందు పెట్టుకున్నాను. అంతకుముందు పత్రికల్లోంచి ఎవరివో కళ్లు చూసి వేసేదాన్ని, అవి ఎటో చూస్తున్నట్టు ఉండేవి. నువ్వు మాత్రం రెప్ప వేయకుండా ఎదుటి మనిషిని చూస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే. లస్మయ్య తర్వాత పోయినవాళ్లందరికీ అవే వేశాను. తప్పు చేస్తున్నానని నాకేం తెలుసు?

మీ బావకు పని నేర్పిన ఉస్తాద్ ఒకే మాట చెప్పేవాడు. "అద్దంల నీ కండ్లు సూసుకుంట గీయకు. నీ సూపు ఆడనే ఉండిపోతది." నేను అద్దంలో చూడలేదు కదా, ఫోటోయే కదా అనుకున్నాను. అద్దానికీ ఫోటోకూ తేడా ఏమిటని అడగడానికి ఉస్తాద్ ఇప్పుడు లేడు.

నీ ఫోటో బల్ల మీదినుంచి తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఇక ఎవరికీ నీ కళ్లు వేయను. వేసినవి చెరిపేద్దామని లస్మయ్య ఇంటికి వెళ్లాను. ఆయన భార్య ఫోటోకు అడ్డంగా నిలబడింది. "ఇంకోపారి సంపుతవా అక్కా" అన్నది. తిరిగి వచ్చేశాను. నన్ను తిట్టుకో, కాని ఉత్తరం మాత్రం రాయి.

సుశీలక్క


సోన్‌మార్గ్
జూన్ 1999

అక్కా,

నిన్ను కొన్నాళ్లు తిట్టుకున్నాను. తర్వాత ఆ పాప లెక్కల్లో తప్పు చేసి నాలుక కరుచుకోవడం చూశాను. కోపం నిలవలేదు. అలవాటైపోతున్నారు వాళ్లు.

ఇక్కడ ఇప్పుడు నిజంగానే యుద్ధం. కార్గిల్ పోయే రోడ్డు మీద గుండ్లు పడుతున్నాయి. సరుకు లారీలు ఆగి ఆగి, సందు చూసుకుని పోతున్నాయి. మొన్న దెబ్బతిన్న లారీ ఒకటి పక్కకు లాగి ఉంది. పొర కమ్మిన కళ్లతో దగ్గరికి పోయి చదివితే దాని వెనుక భివండి అని రాసి ఉంది. మన పక్కనున్న పూర్ణ ఊరి గోదాం నుంచి దుప్పట్లు తెస్తున్న లారీ. డ్రైవరు బతికాడు. క్లీనరు పోయాడు. పేరు చిన్నయ్య, ఉండేది కనేరిలో, తల్లి పేరు ఓదెమ్మ అని డ్రైవరే చెప్పాడు.

శరీరాన్ని అంత దూరం పంపే వీలు లేదని ఇక్కడే దహనం చేశారు. అంతకుముందు నేనూ డ్రైవరూ ముఖం కడిగాం. తల దువ్వాం. అప్పుడు ఒక్క ఫోటో తీశాను. పేపరుకు పంపలేదు. ప్రింటు ఇందులో పెట్టాను. చచ్చిపోయిన సంగతి తల్లికి పోలీసులు చెప్పే ఉంటారు. ఈ ముఖం నువ్వు ఇవ్వు.

ఆమె కళ్లు తెరవమని అడుగుతుంది. తెరువు. నావే వెయ్యి. ఆలోచించకుండా రాస్తున్న మాట కాదిది. ఇన్నేళ్లు మనుషుల ఇళ్ల ముందు కూర్చున్నాను, తీసుకున్నాను, లేచి వచ్చేశాను. ఒక ఇంట్లో ఉండిపొమ్మంటే ఉంటాను. ఈ పొర ఇంకాస్త మందమైతే ఎట్లాగూ కెమెరా పట్టుకోలేను.

భూషణ్


ఢిల్లీ
ఆగస్టు 1999

అక్కా,

నీ దగ్గరి నుంచి జవాబు లేదు. రోజూ ఓదెమ్మ ఇంటి కోసం ఎదురుచూస్తున్నాను. పాత ఇళ్లే వస్తున్నాయి, అవి కూడా మసక మసకగా. కొత్త ఇల్లు రాలేదు. నిన్న బావకు ఫోన్ చేశాను. "ఫోటో ఇచ్చినం, కండ్లు తెరిచినం, గోడకు పెట్టిన్రు" అని పెట్టేశాడు. ఆయన గొంతు బాగాలేదు.

కళ్లు తెరిచావు. నావి కావు. ఎవరివి వేశావు?

భూషణ్


కనేరి, భివండి
సెప్టెంబర్ 1999

తమ్మీ,

ఎవరివో నీకు తెలిసే అడిగావు.

ఫోటో తీసుకుని వెళ్లిన రోజు ఓదెమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. "ఈని ముంగట ముగ్గురు పోయిన్రు చెల్లె. ఈడన్న నిలవాలెనని ఫోటో దిగనియ్యలే. దిగితె ఆయుష్షు తరుగుతదన్నరు. జాతరల ఫోటో దిగుతనని ఏడిస్తె కొట్టిన గూడ. ఇప్పుడు నా కొడుకు మొఖం సూద్దామంటె గిదొక్కటే. గిది గూడ కండ్లు మూసుకునే" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. "తెరువు. కండ్లు మూసుకున్నోన్ని తిన్నవా బిడ్డా అని ఎట్ల అడగాలె?" అన్నది.

నీ ఫోటో బీరువాలోనే ఉంది, తియ్యలేదు. నువ్వు ఉండిపోతానని ఎంత ధైర్యంగా రాసినా, చూపు లేకుండా నిన్ను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. పత్రికలోంచి ఎవరివో చూసి పాత పద్ధతిలో ఒక ప్రింటు చేశాను. ఓదెమ్మ తిప్పి ఇచ్చేసింది. "ఈ కండ్లు ఎవలియో. నా దిక్కు సూస్తలేవు" అన్నది. మీ బావను ఎదురుగా కూర్చోబెట్టాను. నిలువెత్తు మనిషి, భయంతో ఒకటే రెప్పలాడించాడు. నీళ్ల మీద గీసినట్టే అయింది పని. చివరికి మధ్యాహ్నం భోజనానికి ఆయన బయటికి వెళ్లగానే, గిరాకీలు తల దువ్వుకునే అద్దం గోడ మీంచి దించి బల్ల మీద నిలబెట్టుకున్నాను.

నా కళ్లను నేను అంతసేపు ఎన్నడూ చూసుకోలేదు. బాపు కళ్లలాగే ఉన్నాయి. చివర తెల్ల చుక్క మిగిలింది. పెట్టాను. అద్దంలో ఏమీ మారలేదు. లేచి అన్నం తిన్నాను.

మర్నాటి నుంచి ఓదెమ్మ ఇల్లు కనిపిస్తున్నది. నువ్వు చెప్పింది నిజం, చప్పుడు ఉండదు. ఆమె కంచం తెచ్చి నా ముందు పెట్టి పెదాలు కదుపుతుంది. ఏమంటున్నదో నీకు చెప్పనవసరం లేదు. నేను ఇక్కడ స్టూడియోలో గిరాకీ ముందు కూర్చుని "తిన్న" అంటాను. గిరాకీ నావైపు వింతగా చూస్తాడు. మీ బావ నాతో సరిగా మాట్లాడడం లేదు. అద్దాన్ని గోడకు తిప్పి పెట్టాడు. ఇప్పుడు గిరాకీలు తల దువ్వుకోకుండానే దిగుతున్నారు.

అసలు సంగతి ఇప్పుడు వస్తున్నది, శ్రద్ధగా చదువు. సాయంత్రమయ్యేసరికి నాకూ కళ్ల ముందు తెల్ల పొర కమ్మేది. నీ రోగం నాకూ వచ్చిందనుకున్నాను. కాని రోజూ పొద్దున్నే పోయేది. ఎట్లా పోతున్నదో కనిపెట్టాను. ఓదెమ్మ లేవగానే దగ్గరికి వస్తుంది. కొంగు నోటి ఆవిరితో తడిచేసి నా ముఖం మీది నుంచి రాస్తుంది. ఫోటో అద్దం తుడుస్తుందన్నమాట. ఆమె కొంగు అటూ ఇటూ పోగానే నాకు లోకమంతా తేటగా కనిపిస్తుంది.

మన గల్లీల్లో దూది నుసి పడని జాగా ఏది? అన్నం మీద పడుతుంది, పడుకున్న పిల్లల రెప్పల మీద పడుతుంది. మాల వేసిన ఫోటోను మాత్రం ఎవరూ ముట్టరు. పెత్రమాస అమావాస్య నాడు పెద్దలకు పెట్టుకునేటప్పుడు దించి తుడిచి మళ్లీ పెడతారు. అంతదాకా కదిలిస్తే పోయినవాళ్లు ఉలిక్కిపడతారట. ఓదెమ్మకు ఆ పట్టింపు లేదు. "ఉలిక్కిపడితె పడనీ, లేస్తడు" అంటుంది.

నువ్వు మొదటిసారి ఆ ఖోలీని చూసింది ఎప్పుడు? పోయినేడు పెత్రమాస అయిన కొత్తలో. అంతదాకా పడ్డ నుసిని అప్పుడే తుడిచి పెట్టారు కాబట్టి తేటగా చూశావు. ఆ తర్వాత ఏడాది నుసి నీ కళ్ల మీదే పడుతున్నది. డాక్టరుకు ఏం తెలుస్తుంది పాపం.

పెత్రమాస ఇంకా రాలేదు, అంతదాకా ఆగడం నాకు చేతకాదు. ఈ ఉత్తరం పోస్టు చేసి, తడిబట్టా పొడిబట్టా పట్టుకుని ఇల్లిల్లూ తిరగబోతున్నాను. ఫోటో రంగు చూసి పోవాలని చెబుతాను, నా పనే కదా. ప్రతి ఇంట్లోనూ ఒక మాట అంటాను. ఏమంటానో రాయను. నీకు కనిపిస్తే నువ్వే రాయి. రాకపోతే నేను మూర్ఖురాలిననుకుని నీ ఫోటో బయటికి తీసి, నీ చేతిలో పెట్టడానికి ఢిల్లీ వస్తాను.

సుశీలక్క


ఢిల్లీ
సెప్టెంబర్ 1999

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నువ్వు దానికన్నా ముందే వచ్చావు.

మొన్న బస్‌స్టాపులో నిలబడి ఉన్నాను. ఏ బస్సో నంబరు కనిపించక పక్కనున్నవాణ్ని అడగబోతున్నాను. ఉన్నట్టుండి కళ్ల ముందు అంతా నీళ్లు కారినట్టు చెదిరింది. నాకు కళ్లు పోయాయనుకుని అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత పొడిబట్ట పడింది. బట్ట వెనక నుంచి నువ్వు. నీ ముక్కు అద్దానికి తగులుతుందేమో అనేంత దగ్గరగా ఉన్నావు. నీ వెనక ఆకుపచ్చ గోడ, తిన్నగా క్యాలెండరు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది నీకు. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారైనా రాయలేదు ఆ మాట.

అక్కడినుంచి గడ్డం గీసుకునే మనిషి ఇల్లు. తర్వాత ఆ పాప ఇల్లు. పాప నీకు ఎక్కడానికి పీట తెచ్చి ఇచ్చింది. ప్రతి ఇంట్లోనూ తుడవడం కాగానే వెనక్కి తిరిగి ఎవరూ చూడడం లేదు కదా అని చూశావు. తర్వాత నావైపు వంగి పెదాలు కదిపావు. అన్ని ఇళ్లలోనూ అదే మాట. చప్పుడు వినిపించలేదు గాని, నేనూ ఆ సాంచాల మధ్య పెరిగినవాణ్నే.

వచ్చిన బస్సుల నంబర్లన్నీ చదివాను. ఒక్కటీ ఎక్కలేదు. మనుషులకు అడ్డం రాకుండా రోడ్డు పక్కన నిలబడి జవాబు చెప్పాను. నీకు కనిపించేది ఓదెమ్మ ఇల్లే, నేను కాదు కాబట్టి, అదే ఇప్పుడు రాస్తున్నాను.

"కనబడుతున్ననా తమ్మీ?" అన్నావు.

కనబడుతున్నవు అక్కా.

భూషణ్